దీపా మెహతా 'ఫైర్' ముగింపు: రాధ మంటల్లోంచి నిజంగానే బయటికి వచ్చిందా?

పొన్నచెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. దీపా మెహతా 1996లో తీసిన 'ఫైర్' సినిమాను పోయిన ఆదివారం మా అక్కతో కలిసి చూశాను. అమ్మ కూడా కాసేపు మాతో కూర్చుని, తర్వాత పక్క గదిలోకి వెళ్లి పడుకుంది. సినిమా అయ్యాక మేమిద్దరం అర్ధరాత్రి దాకా దాని ముగింపు గురించే వాదించుకున్నాం కానీ ఏకాభిప్రాయానికి రాలేకపోయాం. ముగింపు మొత్తం చెప్పకుండా నా ప్రశ్న అడగడం సాధ్యం కాదు కాబట్టి, సినిమా చూడనివారు చూశాకే ఇది చదవవలసిందిగా మనవి.

ఢిల్లీలో ఒక ఉమ్మడి కుటుంబం. కూరలు, రొట్టెలు కట్టి ఇచ్చే దుకాణం, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం వాళ్ల జీవనాధారం. పెద్దకోడలు రాధగా షబానా ఆజ్మీ, కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నకోడలు సీతగా నందితా దాస్ నటించారు. పెద్దవాడు అశోక్ ఒక స్వామీజీని నమ్ముకుని పదమూడేళ్లుగా బ్రహ్మచర్యం పాటిస్తున్నాడు. చిన్నవాడు జతిన్ పెళ్లికి ముందునుంచీ మరొక స్త్రీతో సంబంధంలో ఉన్నాడు, పెళ్లయ్యాక కూడా దాన్ని వదులుకోలేదు. తోడికోడళ్ల మధ్య మొదట స్నేహం, తర్వాత ప్రేమ మొదలవుతాయి.

ఇంటి నౌకరు చెప్పడంతో అశోక్‌కు ఆ విషయం తెలుస్తుంది. సీత ముందుగా ఇల్లు విడిచి వెళుతుంది, రాధ మాత్రం భర్తతో మాట్లాడి వస్తానని ఆగుతుంది. వంటింట్లో ఆ మాటల మధ్యనే అతను ఆమెను బలవంతంగా దగ్గరికి లాక్కుంటాడు, ఆ పెనుగులాటలో వెలుగుతున్న పొయ్యి మంట ఆమె చీరకు అంటుకుంటుంది. అశోక్ అది చూస్తాడు. చూసి, పక్షవాతంతో మాట పడిపోయిన తన తల్లిని చేతుల మీద ఎత్తుకుని బయటికి నడుస్తాడు, భార్య దగ్గరికి మాత్రం రాడు. ఆ మంటను రాధ ఎలా ఆర్పుకుందో మనకు చూపించరు. చిన్ననాటి రాధ ఆవచేనులో నిలబడి తనకు సముద్రం కనిపిస్తోందని సంబరంగా చెప్పడం చూస్తాం, చివరికి వానలో నిజాముద్దీన్ దర్గా, అక్కడ ఎదురుచూస్తున్న సీత, ఆమెను చేరుకున్న రాధ కనిపిస్తారు.

రాధ వంటింట్లోనే చనిపోయిందనీ, దర్గాలో కలయిక ఆమె ఆఖరి క్షణంలోని ఊహ అనీ నాకు అనిపించింది. లేకపోతే మంటకూ వానకూ మధ్య అంత ఖాళీ ఎందుకు వదలాలి? బాల్యం అప్పుడే ఎందుకు కళ్ల ముందుకు రావాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, కలుసుకోవడానికి ఒక సమాధి ఉన్న చోటును ఎందుకు ఎంచుకోవాలి? మా అక్క మాత్రం రాధ బతికిందని గట్టిగా అంటోంది. ఈ ముగింపును మీరు ఎలా అర్థం చేసుకున్నారో వివరంగా రాస్తే సంతోషిస్తాను.

పాత టాకీసు

పొన్నచెట్టు గారూ, నేను మీ అక్కగారి పక్షం. పురాణ ప్రతీకల గురించి ఇక్కడ నాకన్నా బాగా చెప్పగలవారు ఉన్నారు కాబట్టి, నేను వంటింటి మంట వరకే మాట్లాడతాను.

ఈ సినిమా వచ్చేనాటికి మన దేశంలో కోడలి చీరకు నిప్పంటుకోవడం ఒక ప్రతీకగా కాక, దినపత్రిక లోపలి పేజీలో రోజూ కనిపించే వార్తగా ఉండేది. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా ప్రకటిస్తూ 1983లో 498ఎ సెక్షన్, వరకట్న మరణాల కోసం 1986లో 304బి సెక్షన్ చట్టంలోకి రావలసి వచ్చిందంటే, ఆ వార్తలు ఎంత తరచుగా వచ్చేవో మీరే ఊహించుకోండి. వాటన్నిటిలోనూ ఒకే వాక్యం ఉండేది: వంట చేస్తుండగా ప్రమాదవశాత్తు స్టవ్ పేలింది.

నా చిన్నప్పుడు మా వీధి చివరి ఇంట్లో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అక్క అలాగే చనిపోయింది. అందరూ స్టవ్ పేలిందనే చెప్పారు. పంచనామా ముగిశాక ఆ కిరసనాయిలు స్టవ్‌ను పెరట్లో బావిగట్టు పక్కన పడేశారు. బంతి కోసం గోడ దూకిన నేను దాన్ని దగ్గరనుంచి చూశాను. ఇత్తడి ట్యాంకు ఎక్కడా చీలలేదు, పంపు దాని చోట అది ఉంది, మూత బిగించినట్టే ఉంది. నాకప్పుడు పదేళ్లు. నేను చూసింది ఏమిటో అర్థం కావడానికి ఇంకో పదేళ్లు పట్టింది, అప్పటికి ఆ ఇంట్లో మరొక కోడలు వంట చేస్తోంది.

అందుకే ఈ సినిమాలో నన్ను వెంటాడే దృశ్యం మంట కాదు, ఆ మంటను చూసి కూడా పక్కకు తిరిగిన భర్త. అతను నిప్పు పెట్టలేదు, పోలీసులు వచ్చి అడిగితే ప్రమాదమనే చెప్పగలడు, పైగా ముసలి తల్లిని కాపాడిన కొడుకుగా వీధిలో పేరు కూడా వస్తుంది. అతను ఎవరిని ఎత్తుకున్నాడో, ఎవరిని వదిలేశాడో చూస్తే ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుంది. ఆ వార్తలు చదివి పెరిగిన మనకు ఈ దృశ్యం ఎలా ముగుస్తుందో ముందే తెలుసు. దర్శకురాలు మనల్ని సరిగ్గా అక్కడిదాకా తీసుకువచ్చి, ఆ తర్వాత ఆ స్త్రీని దర్గాలో నిలబెట్టింది. పత్రికల్లోని స్త్రీలు ఎవరూ మంట తర్వాతి దృశ్యంలో కనిపించలేదు, ఈమె కనిపించింది. దాన్ని కలగా మార్చేస్తే ఆమెను మళ్లీ ఆ లోపలి పేజీ వార్తలోకే పంపించినట్టవుతుంది.

నిర్మాణపరంగా కూడా ఒక మాట. జ్ఞాపకాలకు ఈ సినిమా ఒక ప్రత్యేకమైన చోటు కేటాయించింది, అది ఆ ఆవచేను. ఎండ, పసుపుపచ్చని పూలు, కథ చెప్పే అమ్మ, వింటున్న చిన్నపిల్ల. మనసులో జరిగేదాన్ని చూపించదలచినప్పుడల్లా కథ అక్కడికే వెళుతుంది. దర్గా మాత్రం ఆ కుటుంబం బతుకుతున్న ఢిల్లీలోదే, వాన పడితే నిజంగా తడిసే రాతినేల. ఇది కల అయితే ఆమె ఆవచేనులోనే సీతను కలుసుకోవాలి కదా?

మునిమాపు

ప్రశ్న, మొదటి సమాధానం రెండూ చాలా శ్రద్ధగా రాశారు. నేను పేర్ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ ముగింపుకు తాళంచెవి అక్కడే ఉందని నా నమ్మకం.

పురాణంలో అగ్నిప్రవేశం చేసింది సీత. సినిమాలో సీత అనే పేరున్న అమ్మాయికి నిప్పు సెగ కూడా తగలదు, మంట వచ్చి రాధను పట్టుకుంటుంది. ఇది పొరపాటున జరిగింది కాదు. పెద్దకోడలి పేరు రాధ అయినా ఆమె గడిపిన జీవితం సీతది: భర్త వ్రతాన్ని తన వ్రతంగా మోసింది, అత్తగారికి సేవ చేసింది, పిల్లలు కలగనందుకు నింద తన మీదే వేసుకుంది. చిన్నామె పేరు సీత అయినా ఆమె మనసు రాధది, పెళ్లి గీసిన గీతకు బయట ప్రేమ ఉంటుందని ముందుగా గుర్తించింది ఆమే. ఒకరి పేరులోని కథను మరొకరు జీవించడం వల్లనే, చివరి దృశ్యంలో ఇద్దరూ ఎవరి పేరు వాళ్లు తిరిగి తీసుకున్నట్టు అనిపిస్తుంది. హిందీ ప్రతిలో సీత పేరును నీతగా మార్చవలసి వచ్చింది. దానితో ఎంత అర్థం పోయిందో ఆలోచించండి.

అగ్నిపరీక్ష ఈ సినిమాలో హఠాత్తుగా ఊడిపడదు. ముసలావిడ ముందు టీవీలో రామాయణం నడుస్తూ ఉంటుంది, స్వామీజీ సమక్షంలో ప్రదర్శించిన రామలీలలో కూడా మనం ఆ ఘట్టాన్నే చూస్తాం. అంతకన్నా ముఖ్యమైనది అశోక్ రాత్రిపూట చేసే పని. అతను భార్యను తన పక్కన పడుకోమని పిలిచి, ఆమెను తాకకుండా ఉండగలనా లేదా అని తన నిగ్రహాన్ని తానే పరీక్షించుకుంటాడు. అంటే పదమూడేళ్లుగా ఆ పడకగదిలో జరుగుతున్నది కూడా అగ్నిపరీక్షే. అయితే అందులో సీత పాత్ర అతనిది, రాధను కేవలం నిప్పుగా వాడుకున్నాడు. నిప్పుకు నొప్పి ఉంటుందా, చలి వేస్తుందా అని అడిగేవారు ఎవరు? అన్నేళ్లు నిప్పుతో పరీక్ష రాసి ఉత్తీర్ణుడయ్యానని నమ్మిన మనిషి, నిజమైన నిప్పు ఎదురైనప్పుడు వెనుదిరిగిపోయాడు.

వాల్మీకి యుద్ధకాండలో సీత చితి ప్రవేశించాక అగ్నిదేవుడు స్వయంగా ఆమెను తీసుకువచ్చి నిర్దోషి అని సాక్ష్యం చెబుతాడు, రాముడు స్వీకరిస్తాడు. పరీక్ష అంటే సాక్షి, తీర్పరి, ఫలితం ఉండాలి. ఈ వంటింట్లో సాక్ష్యం చెప్పే దేవుడు లేడు, తీర్పు చెప్పవలసిన భర్త తల్లిని ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఫలితం వినడానికి కూడా రాధ ఆగలేదు. తాను పవిత్రురాలినని ఎవరికీ నిరూపించకుండానే ఆమె మంటను దాటింది. మన తెలుగువాళ్లకు ఇది కొత్త ఆలోచన కాదు. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా గారి 'విముక్త' కథల్లో అహల్య సీతతో మాట్లాడుతూ, విచారణకు ఒప్పుకోవద్దనే హెచ్చరిస్తుంది. నా దృష్టిలో 'ఫైర్'లోని రాధ ఆ హెచ్చరికను వినకుండానే పాటించిన స్త్రీ.

ఇక దర్గా. సమాధి కాబట్టి మరణానికి గుర్తు అని పొన్నచెట్టు గారు అన్నారు. కానీ సూఫీ మహనీయుడి వర్ధంతిని మనం ఉర్సు అంటాం, అరబ్బీలో ఆ మాటకు అర్థం పెళ్లి. ఆ మహనీయుడి ఆత్మ తన ప్రియతముణ్ణి చేరుకున్న రోజు కనుక దానికి ఆ పేరు. నిజాముద్దీన్ ఔలియాకు ప్రియశిష్యుడైన అమీర్ ఖుస్రో సమాధి కూడా ఆ ప్రాంగణంలోనే ఉంది. పెళ్లికూతురి గొంతుతో, ఎదురుచూసే ప్రేయసి గొంతుతో పాడే పాటలు ఖుస్రో పేరు మీద అక్కడ ఈనాటికీ వినిపిస్తాయి. అన్నమయ్య నాయికగా మారి వేంకటేశుణ్ణి పిలిచినట్టే అనుకోండి. పెళ్లి అనే మాటకు ఇంటితో, వంశంతో, కట్నంతో సంబంధం లేని అర్థం ఉన్న చోటుకు ఈ ఇద్దరు స్త్రీలు వెళ్లారు. ఆ దర్గాలో కూడా గర్భాలయంలోకి స్త్రీలను అనుమతించరు, వాళ్లు బయటనుంచే, చిల్లులు చెక్కిన రాతి తెర (జాలీ) దగ్గర నిలబడి మొక్కుకుంటారు. ఆ సంగతి తెలిసి చూస్తే, లోపలికి పిలుపు లేని ఇద్దరు బయటి ప్రాంగణంలో ఒకరినొకరు చేరుకోవడం నాకు మరింత లోతుగా తోచింది.

నాట్యశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. అష్టవిధ నాయికల్లో ఎదురుచూస్తూ వేగిపోయేది విరహోత్కంఠిత, అడ్డంకులన్నీ దాటి ప్రియుడి దగ్గరికి బయలుదేరేది అభిసారిక. క్షేత్రయ్య పదాలకు కూచిపూడిలో అభినయం పట్టినప్పుడు ఏ నాయిక అయినా చూపు నిలిపేది కనిపించని మువ్వగోపాలుడి మీదే. ఈ ముగింపులో ఎదురుచూసే సీతా నాయికే, వానలోకి నడిచి వచ్చే రాధా నాయికే. ఎదురుచూపుకు రెండు వైపులా స్త్రీలే ఉండడాన్ని నేను వేదిక మీద ఎన్నడూ చూడలేదు, తెర మీద మొదటిసారి చూసి చాలాసేపు లేవలేకపోయాను.

రాధ దేహం బతికిందా లేదా అన్నదానికి నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. ఉర్సు అన్న మాట రెండింటికీ చోటిస్తుంది.

వానకారు

మునిమాపు గారూ, మీ వివరణను రెండుసార్లు చదివాను, మళ్లీ చదువుతాను కూడా. కానీ చివరి రెండు వాక్యాలతో ఏకీభవించలేకపోతున్నాను, ఎందుకో చెబుతాను.

నేను ఒక స్త్రీని ప్రేమించి, ఆమెతోనే కలిసి ఉంటున్న స్త్రీని. మా వంటి వాళ్లు కథల్లో కనిపించడమే అరుదు, కనిపించినా చివరికి ఒకరు చనిపోవాలి లేదా భర్త దగ్గరికి తిరిగి వెళ్లాలి. చిన్నప్పటినుంచీ అదే చూసిన కళ్లకు, చావు ముగింపు ఎక్కడ కనిపించినా సహజంగా తోస్తుంది. పొన్నచెట్టు గారికి అలా అనిపించడంలో తప్పేమీ లేదు, మనందరికీ అలవాటైన ముగింపు అదే. దర్శకురాలు ఆ అలవాటునే ఎదిరించిందని నేను అనుకుంటున్నాను.

దానికి ఆధారం రాధ చివరి మాటల్లోనే ఉంది. అశోక్‌తో ఆ రోజు మాట్లాడినప్పుడు ఆమె అతని వ్రతాన్ని తప్పుపట్టదు, తాను పడిన కష్టాలను ఏకరువు పెట్టదు. కోరిక లేని నాళ్లలో తాను చచ్చిపోయి ఉన్నాననీ, ఇప్పుడు సీత కావాలనీ, మళ్లీ బతకాలని ఉందనీ చెబుతుంది. అంటే ఆమె లెక్కలో మరణం గడిచిపోయింది, అది ఆ పదమూడేళ్లు. బతకాలని నోరు తెరిచి చెప్పిన మనిషిని మరుక్షణమే చంపేసి, కలయికను ఊహగా చూపిస్తే, ఆ మాటకు శిక్ష వేసినట్టు కాదా?

ఈ సినిమా మీద మాలో చాలామందికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాచను. ఇద్దరు భర్తలూ అలాంటివాళ్లు కాబట్టే ఈ ఇద్దరూ దగ్గరయ్యారనీ, మంచి మొగుడు దొరికితే ఇదంతా ఉండేది కాదనీ చూసేవాళ్లు అనుకునే ప్రమాదం కథలో మొదటినుంచీ ఉంది. సినిమా చాలావరకు ఆ ప్రమాదంలోనే నడుస్తుంది. కానీ రాధ చెప్పిన ఆ నాలుగు మాటలు దాన్ని చాలావరకు సరిదిద్దాయి. ఆమె అశోక్ నుంచి పారిపోవడం లేదు, సీత దగ్గరికి వెళుతోంది. ఈ రెండు ప్రయాణాలూ దూరంనుంచి ఒకేలా కనిపిస్తాయి, నడిచేవాళ్లకు తేడా తెలుస్తుంది.

మనం ఏమిటో చెప్పే మాట మన భాషలో లేదని ఒకచోట సీత రాధతో అంటుంది. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి రాసిన 'స్వలింగ సంపర్కం' అన్న మాట. ఆ మాటలో శరీరం తప్ప ఇంకేమీ లేదు, ఎదురుచూపు లేదు, వాన లేదు, చేతికి గాజులు తొడగడం లేదు. దర్గా దృశ్యంలో మాటలు దాదాపు అవసరం లేకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

1998 నవంబరులో ఈ సినిమా మన దేశంలో విడుదలైతే, డిసెంబరు మొదట్లో ముంబైలోనూ ఢిల్లీలోనూ థియేటర్ల మీద దాడులు జరిగాయి. సినిమాను మళ్లీ సెన్సారు బోర్డుకు పంపారు, బోర్డు ఏ కోతలూ లేకుండానే వదిలింది. ఆ దాడుల తర్వాత ఢిల్లీ రీగల్ థియేటరు ముందు జరిగిన నిరసనలో, మేము భారతీయులమూ లెస్బియన్లమూ అని రాసిన అట్టలు పట్టుకుని కొందరు స్త్రీలు నిలబడ్డారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టివేస్తూ సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది, అంటే వాళ్లు దానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు, ఆ సెక్షన్ అమలులో ఉండగానే వీధిలోకి వచ్చారు. రాధ వంటింట్లో కాలిపోయి ఉంటే, వాళ్లు ఆ థియేటరు ముందుకు ఏ ధైర్యంతో వచ్చేవారో నేను ఊహించలేను. నాకు రాధ బతికి ఉంది.

పొన్నచెట్టు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక నిన్న సాయంత్రం చివరి ఘట్టాన్ని అక్కతో కలిసి మళ్లీ చూశాను.

మొదటిసారి నేను సరిగా పట్టించుకోని విషయం ఆ సముద్రం కథ. సినిమా మొదట్లో ఆవచేనులో రాధకు తల్లి చెప్పే కథ అది. కొండల మీద బతికేవాళ్లు సముద్రాన్ని ఎన్నడూ చూడలేదని దిగులుపడుతుంటే, కళ్లతో వెతకకుండానే చూడవచ్చని ఒక ముసలమ్మ వాళ్లకు చెబుతుంది. చిన్న రాధకు అప్పుడు అది అర్థం కాదు, ఎంత ప్రయత్నించినా ఏమీ కనబడదు. చివర్లో కనిపిస్తోందని అన్నప్పుడు, సముద్రం అంటే పరలోకమని నేను తొందరపడి అనుకున్నాను. కథలోని కొండవాళ్లు చనిపోయి సముద్రాన్ని చూడలేదు, ఉన్నచోట ఉండే చూశారు. నేను వేసుకున్న లెక్కకు ఆ కథే అడ్డం వచ్చింది. పాత టాకీసు గారు చెప్పిన ఇత్తడి స్టవ్ కూడా రాత్రంతా నా కళ్లముందు నుంచి కదల్లేదు.

ఇద్దరూ కలుసుకున్న దగ్గర అక్క బొమ్మను ఆపింది. ఈసారి అమ్మ నిద్రపోలేదు, గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. కాసేపటికి, ఆ పెద్దామెకు కాలిన చోట ఎవరైనా మందు రాశారా అని అడిగింది. సీత రాసి ఉంటుందమ్మా అని అక్క చెప్పింది.